లుకేమియా రోగికి చెయ్యి వాస్తే తేలిగ్గా తీసుకోకండి

అయ్యా,

మా అక్క కొడుకు అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియాకు (ఒక రకం రక్త క్యాన్సర్) బెంగళూరులో కీమో చేయించుకుంటూ మధ్యమధ్యలో తాడిపత్రికి వస్తుంటాడు. మొన్న పిక్ లైన్ (మందులెక్కించడానికి చేతి సిరలో పెట్టే సన్నని గొట్టం) వేసిన ఎడమ చెయ్యి వాచింది. చొక్కా చెయ్యి పైకి జరగలేదు, భుజం దగ్గర సిరలు నీలంగా తేలాయి. ఊళ్లో ఒక క్లినిక్‌లో "సూదిపోటు వాపు, ఐస్ పెట్టండి" అన్నారు. అక్క వినలేదు (మొండిది, మంచిదైంది). అనంతపురం తీసుకెళ్లి డాప్లర్ స్కాన్ (సిరల్లో రక్తం పారడం చూసే పరీక్ష) చేయిస్తే సిరలో రక్తం గడ్డకట్టి ఉంది.

"ప్లేట్‌లెట్లే లేనోనికి గడ్డెట్ల కడుతుంది?" అని చుట్టాలంతా అడిగారు (రక్తం గడ్డకట్టించే కణాలే ప్లేట్‌లెట్లు). కడుతుంది. ఈ జబ్బులోనే ఆ గుణం ఉంది. పైగా కీమోలో ఇచ్చే ఆస్పరాజినేస్, గడ్డకట్టకుండా కాపాడే యాంటీథ్రాంబిన్‌ను తగ్గించేస్తుంది. స్టెరాయిడ్లు, సిరలో వారాల తరబడి ఉండే గొట్టం దీనికి తోడు. గడ్డ మెదడు సిరల్లో కడితే విపరీతమైన తలనొప్పి, వాంతులు, ఫిట్స్. ఊపిరితిత్తులకు పోతే ఆయాసం, ఛాతీ నొప్పి. వైద్యమూ కత్తిమీద సామే. ప్లేట్‌లెట్లు 50,000 కంటే తగ్గితే రక్తస్రావం భయంతో సాధారణంగా హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) మోతాదు తగ్గిస్తారు, లేదా ఆపుతారు. ఇంట్లో ఉంది కదా అని ఆస్పిరిన్ బిళ్ల వేయడం ప్రమాదం.

మావాడి డిశ్చార్జి కాగితాల్లో అంతా ఇంగ్లీషే. ఈ లక్షణాలు, రాత్రిపూట ఫోన్ చేయాల్సిన నంబరు తెలుగులో ఒక్క పేజీ అచ్చేసి ఫైలుకు పిన్ను కొట్టివ్వడానికి ఆసుపత్రులకు ఎంత ఖర్చు? రాయలసీమ నుంచి వచ్చే రోగులకు బెంగళూరు ఆసుపత్రులూ ఇవ్వొచ్చు.

– ఒక రోగి మేనమామ, తాడిపత్రి, అనంతపురం జిల్లా