తాత రివాల్వర్‌ని తుప్పుకి వదిలెయ్యకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది కావలి. మా తాతకి రైస్ మిల్లు ఉండేది, నెల్లూరు నుంచి రాత్రిళ్ళు డబ్బులు తెచ్చుకోవాల్సొచ్చేదని అప్పట్లో లైసెన్స్ తీసుకుని వెబ్లీ స్కాట్ కంపెనీ పాయింట్ 32 (తూటా సైజు) రివాల్వర్ కొన్నాడు, ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో తయారైంది. నాలుగేళ్ళ కింద తాత పోయాడు. పెద్ద కర్మ అయిన మర్నాడే నాయన దాన్ని తీసుకెళ్ళి లైసెన్స్ ఉన్న ఒక తుపాకుల షాపులో డిపాజిట్ చేసి రసీదు తెచ్చాడు, అంతవరకు మంచిదే, చట్టం చెప్పేదీ అదే. కానీ ఆ తర్వాత ఇంట్లో అందరిదీ ఒకటే మాట, పిల్లలు తిరిగే ఇంట్లో తుపాకీ ఎందుకురా, పోతే పోనీ అని. మా వీధిలోనే ఇంకో రెండిళ్ళలో ఇట్టాగే పోగొట్టుకున్నారు, అందుకే ఈ ఉత్తరం.

చాలామందికి తెలియని సంగతి ఏందంటే, లైసెన్స్ ఉన్నాయన చనిపోతే ఆ ఆయుధం వారసుడి పేరు మీదకి మార్పించుకునే దారి 2016 ఆయుధాల రూల్స్‌లోనే ఉంది. పెద్దాయన బతికుండగా కూడా, ఆయనకి 70 ఏళ్ళు వచ్చినా, ఆయుధం తీసుకుని 25 ఏళ్ళు అయినా, వారసుడు అప్లై చేసుకోవచ్చు. మిగతా వారసులు మాకు అభ్యంతరం లేదని రాసివ్వాలి, మనకి 21 ఏళ్ళు నిండుండాలి, పోలీసు ఎంక్వైరీ అవుద్ది, సేఫ్టీ ట్రైనింగ్ సర్టిఫికెట్ పెట్టాలి. ఏమీ చెయ్యకుండా గడువు దాటిపోతే మటుకు అది ప్రభుత్వపరం అయిపోవచ్చు, అప్పుడు ఎవర్నడిగినా లాభం లేదు.

నాకు రెండేళ్ళు పట్టింది. చేతికొచ్చిన రోజు చూస్తే కళ్ళల్లో నీళ్ళు తిరిగినయ్, షాపువాళ్ళు తడి గోనెపట్టాలో చుట్టి పడేసినట్టున్నారు, బ్యారెల్ పొడుగునా ఎర్రగా తుప్పు, నెలనెలా అద్దె మాత్రం తీసుకున్నారు. నూనె గుడ్డతో సాయంత్రాలు కూర్చుని మెల్లగా తుడిస్తే పక్కన రెక్కలున్న తూటా బొమ్మ బయటపడింది, అది వెబ్లీ వాళ్ళ గుర్తు. బొటనవేలితో లివర్ నొక్కితే బ్యారెల్ ముందుకి మడుచుకుంటది, సిలిండర్ మధ్యలోంచి నక్షత్రం ఆకారం ముక్క పైకి లేచి ఆరు ఖాళీ గొట్టాల్నీ ఒకేసారి బయటికి నెట్టేస్తది. కాన్పూర్‌లో మన ప్రభుత్వ ఫ్యాక్టరీ చేసే పాయింట్ 32 రివాల్వర్ కూడా ఈ వెబ్లీ నమూనా మీదే వచ్చిందంట, అది తెలిసినప్పట్నుంచి నాకు దీని మీద ప్రేమ ఇంకా పెరిగింది.

తుడవగానే కాల్చెయ్యకూడదు, కొత్తవాళ్ళకి ఇది గట్టిగా చెప్తున్నా. తుపాకులు బాగుచేసే లైసెన్స్ ఉన్న మేస్త్రీకి చూపించా, ఆయన ట్రిగ్గర్ నొక్కి పట్టి సిలిండర్‌ని అటూఇటూ కదిలించి చూశాడు, ఊగులాడితే తూటా బ్యారెల్‌కి ఎదురుగా నిలబడదు, సీసం పక్కకి చిమ్మి చేతికో కంటికో తగులుద్ది. మడత దగ్గర పిన్ను వదులైందని సరిచేసి ఇచ్చాక, మన రాష్ట్రంలోనే దూరాన ఉన్న ఒక రేంజ్‌కి, అంటే తుపాకీ కాల్చడం నేర్చుకునే చోటికి, పర్మిషన్ అడిగి తీసుకుపోయా. మొదటి తూటా గురి అట్టకే తగల్లేదు, ట్రిగ్గర్‌ని గబుక్కున లాగేసినా. అక్కడ నేర్పే సారు హామర్‌ని, అంటే తూటాని కొట్టే సుత్తిని, ముందే వెనక్కి పెట్టి, ఊపిరి సగం వదిలి, వేలి కొసతో మెల్లగా ఒత్తు బాబూ అన్నారు. ఆరోది నల్ల గుండ్రంలో పడింది, తాత చేతి అరుగుదల ఉన్న పిడిని పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

ఇంకో మాట, పాత రివాల్వర్లంటే ఇష్టం కదా అని పోగేసేదానికి లేదు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత మనిషికి రెండు తుపాకులే, అంతకుముందు మూడు ఉండేవి, వారసత్వంగా వచ్చిందీ ఆ రెండిట్లోనే లెక్క. పాయింట్ 455 పెద్ద వెబ్లీ లాంటివి సర్వీసు బోరు, అంటే సైన్యం వాడిన తూటా సైజు, మామూలు లైసెన్స్ మీద రావు. రిపేరు చేసినా పేలని పురాతన వస్తువులకి ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉందిలే గానీ, అది పేలుద్దా పేలదా అని మనంతట మనం తేల్చుకోకూడదు, అధికారులకి చూపించాల్సిందే. కళ్ళారా చూడాలనుకుంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ఉంది, పిల్లల్ని తీసుకుపోండి.

మా నెల్లూరు, ఒంగోలు వైపు రివాల్వర్ కాల్చడం పద్ధతిగా నేర్చుకునే రేంజ్ నాకు యాడా కనపళ్ళా. లైసెన్స్ ఇచ్చేటప్పుడు ట్రైనింగ్ కావాలంటారు, నేర్చుకునే చోటు మాత్రం దగ్గర్లో ఉండదు, దాంతో బీరువాలో పెట్టి తాళమేసి మర్చిపోతారు, అట్టా మర్చిపోయిన తుపాకీయే ప్రమాదం. పోలీసు ఫైరింగ్ రేంజ్‌ని నెలకో ఆదివారం లైసెన్స్ ఉన్నవాళ్ళకి, వాళ్ళ సిబ్బంది ముందరే, ఫీజు కట్టించుకుని తెరిస్తే చాలు. కలెక్టర్ గారు, ఎస్పీ గారు ఆలోచించాలి. వారసుడి అప్లికేషన్‌కి ఏ కాగితాలు పెట్టాలో మీ జిల్లా పేజీలో ఒక్కసారి వెయ్యండి సార్, పోయిన నెలలో కందుకూరు నుంచి మా చుట్టం ఒకాయన ఫోన్ చేసి వాళ్ళ నాయన తుపాకీ స్టేషన్‌లో పెట్టి ఏడాది అయిందని చెప్పాడు, ఆయన చేతికి ఆ కటింగ్ ఇయ్యాల.

ఇట్లు,
మీ పాఠకుడు,
కావలి, నెల్లూరు జిల్లా