చుక్కి సంగతులు

తిరుపతి,
జులై 7, ఆదివారం.

చిరంజీవి చిన్నోడికి,

అమ్మ దీవించి రాయునది. ఇక్కడ మేము ముగ్గురం క్షేమం. నీ క్షేమం తెలియజేయగలవు. ఈ మాట అందరూ ఉత్తరం మొదట్లో అలవాటుగా రాసేస్తారు. నేను నిజంగానే అడుగుతున్నాను.

ఫోన్ చేస్తే "బాగున్నానమ్మా, మీటింగులో ఉన్నా" అని పెట్టేస్తున్నావు. ఐదు వారాలుగా అదే మాట. కాగితమైతే మధ్యలో పెట్టేయలేవు గదా అని కూర్చుని రాస్తున్నాను. సుశీలత్త వాళ్ల మురళి రేపు రాత్రి బస్సుకు బెంగళూరు పోతున్నాడు. డబ్బా వాడి చేతికిస్తున్నాను. వాడు వచ్చేసరికి రూములో ఉండు. వాడు నిన్ను మే నెలాఖరులో ఎక్కడో చూశాడంట. ఆ సంగతి తర్వాత రాస్తాను, ముందు చుక్కి సంగతులు చెప్పనీ.

ఉగాదికి నువ్వొచ్చినప్పుడు దానికి ఎడమ కన్ను కొంచెం కనిపించేది. ఇప్పుడు రెండు కళ్లూ పాలు పోసినట్టు తెల్లబడ్డాయి. షుగర్ వచ్చిన కుక్కల్లో చాలావాటికి ఏడాది లోపలే శుక్లాలు వచ్చేస్తాయని డాక్టరమ్మ ముందే చెప్పింది కాబట్టి నేను ఏడవలేదు. మీ నాయన ఏడ్చినాడు. పదకొండేళ్ల కుక్కకు ఆపరేషన్ ఎందుకులే అనుకున్నాం. ఇంట్లో ఏ సామానూ జరపడం లేదు. గోడ పట్టుకొని వంటింట్లోకి, అక్కడి నుంచి తులసికోట దాకా పోయి వస్తుంది. మీ నాయన హాల్లో కొత్త బీరువా పెట్టిద్దామంటే వద్దన్నాను.

తిండి మాత్రం తూకం వేసినట్టే. పొద్దున ఏడుకు, రాత్రి ఏడుకు. ఉడకబెట్టిన చికెన్, బీన్స్, క్యారెట్, కొంచెం అన్నం, అన్నీ ఆ స్టీలు గిన్నెతో కొలిచి. పెరుగన్నం ఎంత ఇష్టమో నీకు తెలుసు, దాని జోలికి పోవడం లేదు. మధ్యలో ఎవరేం పెట్టినా ఒప్పుకోను. ఎదురింటి అవ్వ కొండకు పోయొచ్చి ప్రసాదం కాదనకూడదంటూ లడ్డు తుంచి గ్రిల్లులో నుంచి దాని నోటికి అందించింది. చక్కెర ఒక ఎత్తయితే, అందులో ఉండే ఎండుద్రాక్ష కుక్కలకు విషం. మూత్రపిండాలు దెబ్బతింటాయి. అవ్వకు కోపం వచ్చినా సరేనని చెప్పేశాను. స్వామి ప్రసాదం మనం తింటాం, దాని మీద దయ ఉంటే దానికి పెట్టొద్దు అని. రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు తనే వచ్చి దాన్ని ఒళ్లో పెట్టుకుంది.

నువ్వు అక్కడ ఎన్ని గంటలకు తింటున్నావు? నైట్ షిఫ్టులో ఒంటిగంటకు బిర్యానీ, తెల్లవారి పడుకొని మధ్యాహ్నం మూడుకు లేవడం. కుక్కకు ఏడంటే ఏడుకు గిన్నె పెడుతున్నాను, కన్నకొడుకు ఎప్పుడు తింటాడో నాకు తెలియదు.

దీనికి జబ్బు ఎట్లా బయటపడిందో నీకు సరిగా ఎప్పుడూ చెప్పలేదు. నీళ్లతో మొదలయింది. పోయినేడు ఎండల్లో గిన్నె పెట్టడం ఆలస్యం, ఖాళీ చేసేది. రాత్రి రెండు మూడుసార్లు తలుపు గీకి బయటికి పోయేది. కడుపునిండా తినేది, అయినా వీపు ఎముకలు చేతికి తగిలేవి. ఎండాకాలం కదా, వయసయింది కదా అనుకుంటూ మూడు నెలలు పోగొట్టాను. శ్రావణంలో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకుపోతే చెవి అంచున చిన్న రక్తపు చుక్క తీసి చూశారు. షుగర్ 430. ఆడకుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించకపోతే, ఎదకు వచ్చి పోయాక పెరిగే హార్మోన్ ఇన్సులిన్‌ను పనిచేయనీయదంట. అందుకే కార్తీకంలో అదీ చేయించాం.

ఉగాది రాత్రి నువ్వు హాల్లో పడుకున్నావు. ఫ్రిజ్ తలుపు చప్పుడు మూడుసార్లు విన్నాను. బాత్రూం లైటు మూడుసార్లు వెలిగింది. పొద్దున చూస్తే రెండు లీటర్ల సీసా ఖాళీ. ప్యాంటు వదులయిందమ్మా అని నువ్వు నవ్వితే, నడుం తగ్గిందని నేనూ సంతోషపడ్డాను. ఓళిగలు నాలుగు తిన్నాడు, దాహం వేసి ఉంటుందిలే అనుకొని పక్కకు తిరిగి పడుకున్నాను. ఏడాదిగా ఈ జబ్బుతో కాపురం చేస్తున్నదాన్ని, అంత గుర్తు పట్టలేకపోయాను చూడు.

సరే, ఇంకో మాట. సూది వేసేటప్పుడు నువ్వు వాకిట్లోకి పోయి నిలబడ్డావు. ఎనిమిదో తరగతిలో టీకాలు వేసేవాళ్లు వచ్చారని స్కూలు గోడ దూకినవాడివి. చుక్కికి సూది వేయడం అగరొత్తి గుచ్చినంత పని. ఇన్సులిన్ సీసాను రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి, ఊపకూడదు. మెడ వెనకాల చర్మాన్ని గుడారంలా పైకెత్తి, లోపలికి మూడు యూనిట్లు. రోజూ ఒకేచోట వేయకుండా కాస్త అటూ ఇటూ మారుస్తాను. అది తల కూడా తిప్పదు, గిన్నె నాకుతూనే ఉంటుంది. వెంట్రుక మందం సూది అది.

సిరంజి విషయంలో మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. సీసా మీద 40 అని ఉంటే ఎర్ర మూత సిరంజి, 100 అని ఉంటే నారింజ రంగు మూతది. ఒకసారి మందుల షాపులో ఎర్రది లేదని నారింజది ఇచ్చి, అన్నీ ఒకటేనమ్మా అన్నాడు ఆ పిల్లాడు. ఒకటి కాదు. అదే తిరగబడి, 100 సీసా మందును 40 సిరంజితో లాగితే రెండున్నర రెట్లు పోతుంది లోపలికి. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని, నాకు చెప్తాడా. ఇదంతా నీకెందుకు రాస్తున్నానంటే, తెలిసి ఉండడం మంచిది.

ఇన్సులిన్ ఎట్లా వచ్చిందో డాక్టరమ్మ చెప్పింది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అని ఇద్దరు కుక్కల మీదే పరీక్షలు చేసి దీన్ని తీశారంట. 1922 జనవరిలో 14 ఏళ్ల పిల్లాడికి మొదటిసారి ఇచ్చారంట. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లల్ని తల్లులు పస్తులు పెట్టి కొన్నాళ్లు నిలుపుకునేవాళ్లు, అంతే. ఆ మాట విన్న రోజు చుక్కికి సూది వేస్తూ ఆ కుక్కలకు దండం పెట్టుకున్నాను.

ఇప్పుడు నీకు చెప్పకుండా దాచిన సంగతి ఒకటి రాస్తాను. మే నెలలో గంగమ్మ జాతర. మాతంగి వేషం రోజు నేను, సుశీలత్త తాతయ్యగుంట గుడికి పోయినాం. ఆ జనంలో నుంచి బయటపడి ఇల్లు చేరేసరికి ఎనిమిది కావస్తోంది. చుక్కి గిన్నె ఖాళీగా ఉంది. మీ నాయన తిండి పెట్టి ఎప్పటిలాగే సూదికి నాకోసం చూసి చూసి వాకింగుకు పోయి ఉంటాడు అనుకున్నాను. ఆయన ఎప్పుడూ సూది ముట్టుకోడు గదా. చెప్పులు విడిచీ విడవకుండా మూడు యూనిట్లు వేసేశాను. ఎనిమిదిన్నరకు ఆయన వచ్చి, గడపలో నుంచే, "ఈ రోజు నేనే వేసేసినానే, చేయి వణకలేదు" అన్నాడు. ఎంత సంతోషంగా అన్నాడో. నా కాళ్లు చల్లబడిపోయాయి.

డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, కంగారు పడొద్దు, ఇంకాస్త తిండి పెట్టండి, రాత్రంతా కనిపెట్టి ఉండండి, తేనె చేతికి అందేచోట పెట్టుకోండి అన్నది. దాని పక్కనే చాప వేసుకొని కూర్చున్నాం. వీధిలో డప్పులు. పదకొండు దాకా బాగానే ఉంది. పదకొండున్నరకు లేచి నడవబోయి తూలింది. గోడకు తల ఆనించి అట్లాగే నిలబడిపోయింది. తర్వాత వెనక కాళ్లు వణుకు. మీ నాయన దాని పేరు పెట్టి పిలుస్తుంటే చెవి కూడా కదపలేదు. తేనె వేలికి రాసి చిగుళ్లకు రుద్దాను. నోట్లో పోయకూడదు, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రుద్దుతూనే ఉన్నాను, వెంకటేశ్వరస్వామినీ గంగమ్మనూ ఇద్దర్నీ మొక్కుకుంటూ. పది నిమిషాలకు నా వేలు నాకింది.

ఆటో ఒక్కటీ దొరకలేదు. స్కూటర్ మీద మీ నాయన, వెనక నేను, చుక్కి నా కొంగులో. డాక్టరమ్మ ఇంటి కిందే క్లినిక్కు, నిద్రలేచి తలుపు తీసింది. షుగర్ 52కు పడిపోయి ఉంది. నరానికి గ్లూకోజ్ ఎక్కించి తెల్లవారే దాకా అక్కడే ఉంచుకుంది. మీ నాయన రాత్రంతా బయట మెట్ల మీదే కూర్చున్నాడు, ఎంత పిలిచినా లోపలికి రాలేదు. పొద్దున ఇంటికొచ్చి కాఫీ కూడా తాగకుండా దేవస్థానం క్యాలెండరుకు దారం కట్టి పెన్ను వేలాడదీశాడు. అప్పటి నుంచి ప్రతి తేదీ కింద 'ఉ', 'సా' అని టిక్కు పెడుతున్నాం. టిక్కు లేకపోతే ఒకరినొకరు అడుగుతాం. అప్పటికీ అనుమానం తీరకపోతే వేయం. ఒక పూట తప్పితే తర్వాత సర్దుకోవచ్చు, రెండుసార్లు పడితే ప్రాణం మీదికి వస్తుంది అన్నది డాక్టరమ్మ. తిండి ముట్టకపోయినా, వాంతి చేసుకున్నా ఆమెను అడగకుండా సూది వేయడం లేదు.

ఇది నీకు ఎందుకు చెప్పలేదంటే నువ్వు భయపడతావని. అక్కడ ఒక్కడివే ఉండి టెన్షన్ పడతావని. "ఎట్లుందమ్మా చుక్కి?" అని నువ్వు అడిగినప్పుడల్లా బాగుంది అన్నాను. అంటే నేనూ దాచాను, నాకూ దాచడం వచ్చు.

మురళి నిన్ను చూసింది మారతహళ్ళిలో షుగర్ డాక్టరు దగ్గరంట. పొద్దున ఎనిమిదికి, చేతి మడత మీద దూది నొక్కుకొని కూర్చున్నావంట. ఆఫీసు చెకప్ అని చెప్పి, మాటలు తప్పించావంట. వాడు సుశీలత్తకు చెప్పాడు, అత్త పాకాల పెళ్లిలో పదిమందిలో నన్ను అడిగింది. ఏమీ తెలియనట్టు నవ్వి ఊరుకున్నాను. ఏమీ తెలియదు కూడా. వాడి మీద కోప్పడకు, వాడు మంచికే చెప్పాడు.

ఆఫీసు చెకప్పే అయితే అదే చెప్పు, నాకు పండగే. కాకపోతే ఇంకా ముందుగా చెప్పు. నీకు 29. మీ నాయనకు 41లో వచ్చింది, జేజికి ఎప్పుడు వచ్చిందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే కాలు చూపించే దాకా ఆమె చెప్పలేదు. ఆమె కాలి కట్టు నువ్వూ చూశావు, ఎత్తుకోమని ఏడ్చే వయసులో. ఫ్రిజ్ లేని రోజుల్లో ఇన్సులిన్ సీసాను తడి ఇసుకలో పెట్టిన కుండలో దాచేది. మందును అంత జాగ్రత్తగా చూసుకున్న మనిషి, ఒంటి సంగతి నోరు విప్పి చెప్పలేకపోయింది.

కుక్కలకు మాత్రలు పనిచేయవు, సూదే గతి. నీకు అట్లా కాకపోవచ్చు. పెద్దయ్యాక షుగర్ వచ్చినవాళ్లలో చాలామంది మాత్రలు, నడక, తిండితోనే నెట్టుకొస్తారు, మీ నాయన పద్దెనిమిదేళ్లుగా చూపిస్తున్నాడు గదా. సూదే అన్నా భయపడకు. నా చేయి ఎంత తేలికో చుక్కిని అడుగు. నాలుగు రోజులు సెలవు పెట్టి రా, నేనే నేర్పిస్తాను. లేదంటే చెప్పు, నేనే వస్తాను. మీ నాయనకు ఇప్పుడు సూది వేయడం వచ్చు, చుక్కిని ఆయన చూసుకుంటాడు.

లెక్చరు ఇవ్వకూడదనుకునే మొదలుపెట్టాను. అయినా ఇంకో రెండు మాటలు. పాదాలు రోజూ చూసుకో, వేళ్ల సందులు కూడా. ఆ బిగుతు బూట్లు మానేయి. భోజనం తర్వాత పడుకోవద్దు, పది నిమిషాలు మేడ మీదైనా నడువు. కూల్‌డ్రింకులు రూముకు తేవద్దు. నీ స్నేహితుడు తెచ్చినా నీకు వద్దని చెప్పు, చెప్పడానికి సిగ్గెందుకు.

డబ్బాలో రాగిపిండి రెండు కిలోలు, కొర్రలు ఒక కిలో, చింతకాయ ఊరుబిండి, వేయించిన వేరుశనగలు ఉన్నాయి. ఊరుబిండి ఫ్రిజ్‌లో పెట్టుకో. సంకటికి పిండి ఉండ కట్టకుండా ఎట్లా కలపాలో మీ నాయన వేరే కాగితంలో రాశాడు. ఈ ఏడు బేనీషా మామిడిపండ్లు పెట్టలేదు. తోటలో ఆఖరి కోత నిన్ననే వచ్చింది, రెండు బుట్టలు ముందు పెట్టుకొని పెట్టలేక ఎదురింటికి ఇచ్చేశాను.

అడుగున, పాత టవల్లో చుట్టి, గ్లూకోమీటర్ ఉంది. మీ నాయనది కాదు, చుక్కిదీ కాదు, కొత్తది. స్ట్రిప్పులు 25. సూది వేలి కొనకు కాకుండా పక్కన గుచ్చుకో, నొప్పి తక్కువ. పొద్దున లేవగానే, కాఫీ తాగకముందు చూసుకో. నైట్ షిఫ్టు రోజుల్లో నిద్ర లేచినప్పుడే నీకు పొద్దున. ఆ నంబరు ఫోటో తీసి నాకు పంపు. ఎంతున్నా సరే పంపు.

ఏడు కావస్తోంది, చుక్కి గిన్నె దగ్గరికి వచ్చి నిలబడింది.

ఇట్లు,
అమ్మ