భూకంపానికి పదికి ఎన్ని మార్కులు?

సంపాదకుడు గారికి,

2024 డిసెంబరు 4 నాటి ములుగు భూకంపం మీద మీరు వేసిన ప్రత్యేక పేజీ చూసిన రోజే రాద్దామనుకున్నాను. ఎవరో ఒకరు రాస్తారులే అని ఊరుకున్నాను. ఎవరూ రాయలేదు సరికదా, ఆదివారం అనుబంధంలో అదే తప్పును ఈసారి రంగుల్లో అచ్చేశారు. ఇక నాకు తప్పలేదు.

ముందు ఆ గ్రాఫ్ సంగతి. ములుగు 5.3, భద్రాచలం (1969) 5.7, మహారాష్ట్రలోని కిల్లారి (1993) 6.2, భుజ్ (2001) 7.7 అని నాలుగు కడ్డీలు వరసగా నిలబెట్టారు. స్కేలు పెట్టి కొలిచాను. ములుగు కడ్డీ ఐదు సెంటీమీటర్ల పైచిలుకు, భుజ్ కడ్డీ ఎనిమిదికి కాస్త తక్కువ. కింద ఒక వ్యాఖ్య: భుజ్ భూకంపంలో దాదాపు 70 శాతం మన దగ్గర వచ్చిందట! అది చదివి మా వీధిలో పెద్దవాళ్లు నిజంగానే వణికారు. అక్కడ వేలమంది పోతే ఇక్కడ గోడల బీటలతో బయటపడ్డామంటే సమ్మక్క తల్లి చల్లని చూపే అన్నారు. తల్లి చూపు ఉంటే ఉండనివ్వండి, మీ 70 శాతం మాత్రం ఎక్కడా లేదు.

భూకంపానికి ఇచ్చే ఆ అంకె, అంటే మాగ్నిట్యూడ్, లాగరిథం లెక్క. అది సున్నాలు లెక్కపెట్టడం లాంటిది. లక్షకు ఐదు సున్నాలు, కోటికి ఏడు. అందుకని లక్షాధికారి దగ్గర కోటీశ్వరుడి ఆస్తిలో 70 శాతం ఉందని ఎవరైనా అంటారా? మీ పేజీ చేసింది అచ్చంగా అదే. అంకె ఒకటి పెరిగితే యంత్రం మీద నమోదయ్యే కదలిక పది రెట్లవుతుంది. బయటపడే శక్తి అయితే దాదాపు 32 రెట్లు. రెండు పెరిగితే వెయ్యి రెట్లు.

ఈ లెక్కన శక్తిని బట్టి మీ గ్రాఫ్ మళ్లీ గీద్దాం. ములుగుకు ఒక్క సెంటీమీటరు ఇద్దాం. భద్రాచలానికి నాలుగు సెంటీమీటర్లు కావాలి. మీరు ‘స్వల్ప తేడా’ అని రాసిన 0.4 విలువ అది. కిల్లారికి 22 సెంటీమీటర్లు, అంటే మీ పేజీలో దాదాపు సగం. భుజ్‌కు నాలుగు వేల సెంటీమీటర్లు. నలభై మీటర్లండీ! ఆ కడ్డీ పేజీలో పట్టదు, పేపరును పన్నెండంతస్తుల మేడ పక్కన వేలాడదీయాలి. పేజీలో పట్టనంత తేడాలుంటాయి గనకే శాస్త్రజ్ఞులు లాగరిథం వాడారు. మీరేమో ఆ సౌకర్యాన్ని తీసుకుని అసలు తేడానే మాయం చేశారు.

టీవీల సంగతి ఇక చెప్పక్కర్లేదు. ఒక చానల్లో యాంకరమ్మ ‘పదికి 5.3’ అంది, పరీక్షలో మార్కులు చదివినట్టు. ఆ కొలతకు పది అనే హద్దే లేదు. ఇప్పటివరకు యంత్రాలకు దొరికిన వాటిలో పెద్దది 1960 నాటి చిలీ భూకంపం, 9.5. అటు చివర సున్నా కూడా హద్దు కాదు. మరీ చిన్న ప్రకంపనలకు మైనస్ అంకెలూ వస్తాయి. పైగా ఎప్పుడు చూసినా ‘రిక్టర్ స్కేలు’ అనే పాట ఒకటి. చార్లెస్ రిక్టర్ 1935లో దక్షిణ కాలిఫోర్నియా భూకంపాల కోసం, అప్పటి ఒక రకం యంత్రాన్ని బట్టి తయారుచేసిన పద్ధతి అది. పెద్ద భూకంపాల దగ్గర అది చాలదని తేలాక 1979లో మొమెంట్ మాగ్నిట్యూడ్ అనే కొత్త లెక్క వచ్చింది. ఆయన 1985లోనే పోయాడు, మన పేపర్లు మాత్రం వదలడం లేదు.

ఇంకో గందరగోళం. ఖమ్మంలో తీవ్రత ఎంత, విజయవాడలో ఎంత అని అడుగుతూ అన్నింటికీ 5.3 అని జవాబిచ్చారు. ఒక భూకంపానికి మాగ్నిట్యూడ్ ఒక్కటే. ఊరూరా మారేది అక్కడి కుదుపు. దానికి మెర్కాలీ స్కేలని వేరే ఉంది, ఒకటి నుంచి పన్నెండు వరకు రోమన్ అంకెల్లో చెబుతారు. ములుగు భూకంపం 40 కిలోమీటర్ల లోతులో పుట్టిందని జాతీయ భూకంప కేంద్రమే చెప్పింది. అంత లోతు కాబట్టే అటు హైదరాబాద్ నుంచి ఇటు ఏలూరు దాకా తెలిసినా ఎక్కడా పెద్ద నష్టం చేయలేదు. కిల్లారిది పైపైన పుట్టిన భూకంపం. వినాయక నిమజ్జనం చూసి అలసి పడుకున్న జనం మీద, తెల్లవారుజామున నాలుగు గంటల లోపే, రాళ్లూ మట్టీ పేర్చిన గోడలు కూలాయి. పదివేల మంది దాకా పోయారు. 6.2 అనే అంకెలో ఈ లోతు, ఆ వేళ, ఆ గోడలు ఏవీ ఉండవు.

ఇది అధికారులకైనా తెలుసా అంటే నాకు అనుమానమే. ‘ఆరు దాటితేనే ప్రమాదం, ఎవరూ టెన్షన్ పడొద్దు’ అని మా దగ్గర ఒక పెద్దమనిషి సమీక్షా సమావేశంలో సెలవిచ్చారు. భద్రాచలం ప్రాంతం అప్పటి భూకంప పటంలో ఓ మోస్తరు ముప్పున్న మూడో జోన్‌లో ఉందని ఆయనకు ఎవరైనా చెప్పారో లేదో! కింద పార్కింగ్ కోసం గోడలు లేకుండా ఒట్టి పిల్లర్ల మీద అపార్ట్‌మెంట్లు లేపుతుంటే ప్లానుల మీద సంతకాలు చేస్తున్నదెవరు? భుజ్ భూకంపానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో కూలినవాటిలో అలాంటివి ఎన్నో ఉన్నాయి. ఆ దూరాన్ని, ఆ పిల్లర్లను వదిలేసి ‘ఆరు’ పట్టుకుని కూర్చుంటే ఏం లాభం?

చదువులూ అలాగే ఏడ్చాయి. నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. లాగ్ విలువ ఠక్కున చెప్పే పిల్లలు ఇప్పుడు బోలెడంతమంది. దానికి అర్థమేమిటని అడిగితే ‘అది సిలబస్‌లో లేదు సార్’ అంటారు. మీ డెస్కులో కూర్చున్న కుర్రాళ్లూ ఆ బాపతే అయ్యుంటారు, వాళ్లననీ ప్రయోజనం లేదు.

తమాషా ఏమిటంటే ఈ మాగ్నిట్యూడ్ రిక్టర్ సొంత ఊహ కాదు, నక్షత్రశాస్త్రం నుంచి అరువు తెచ్చుకున్నాడు. అక్కడ అది నక్షత్రాల వెలుగును చెప్పే అంకె. దానికి పక్కా లెక్క కట్టినవాడు నార్మన్ పోగ్సన్ అనే ఇంగ్లీషు ఖగోళశాస్త్రవేత్త. ఐదు మెట్ల తేడా అంటే సరిగ్గా వంద రెట్ల వెలుగు అని 1856లో ప్రతిపాదించాడు. 1861లో మద్రాసు వేధశాలకు వచ్చి 1891లో చనిపోయేదాకా అక్కడే పనిచేశాడు. మనకు కూతవేటు దూరంలో బతికినవాడి లెక్కను కూడా మీరు వదల్లేదు. భూకంపం వచ్చిన రోజు సాయంత్రమే నెలవంక పక్కన శుక్రుడు ధగధగలాడుతుంటే ఆ ఫొటో వేసి, కింద ‘మైనస్ 4కు పడిపోయిన కాంతి’ అని రాశారు! ఆకాశంలో అంకె ఎంత తగ్గితే వెలుగు అంత ఎక్కువండీ. పౌర్ణమి చంద్రుడు మైనస్ 12.7, సూర్యుడు మైనస్ 26.7. పెళ్లిలో చూపించే అరుంధతి 4, పక్కనున్న వశిష్ఠుడు 2 పైచిలుకు. అంటే వశిష్ఠుడే ఐదారు రెట్లు కాంతిమంతుడు. (పట్టపగలు ముహూర్తాలకు కూడా అరుంధతిని చూపించి చేతులు దులుపుకుంటున్నారు, ఆ గొడవ వేరే.)

హైదరాబాద్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961 నుంచి ఉంది. మీ విలేకరి ఒక్క ఫోన్ కొడితే ఇదంతా రెండు నిమిషాల్లో తేలిపోయేది. ఈసారి భూకంపం అంకె వేసినప్పుడు పక్కనే లోతు వెయ్యండి, పాతదానితో పోలిస్తే శక్తిలో ఎన్ని రెట్లో వెయ్యండి. కడ్డీల బొమ్మ వేయకపోయినా ఎవరూ అడగరు.

సవరణ వేసే ఉద్దేశం ఉంటే గ్రాఫ్ వేసిన పేజీలోనే వెయ్యండి. కిందటిసారి నేను ఎత్తిచూపిన తప్పుకు సవరణ టెండరు ప్రకటనల పక్కన, భూతద్దం పెట్టి వెతుక్కునేంత అక్షరాల్లో వేశారు.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
ఖమ్మం