బెనిషాన్ సొనల ఉన్న మందు

రమేశూ, ఎట్లున్నవ్ రా, బాపుకు మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఫోన్ల చెప్తే సగం మర్చిపోతవని రాస్తున్న, జెర ఓపికగ చదువు, మీ మామిడితోట కోత దగ్గరపడ్డది గదా.

పోయినేడు జగిత్యాల నుంచి తెచ్చిన బెనిషాన్ మామిడికాయలు యాదికున్నయా? వరిగడ్డిల మాగేసిన, అయిదోనాడు గడ్డి తీసి చూస్తే పైనంత పసుపుపచ్చగ మంచిగ మెరుస్తున్నయి గని ముచ్చిక చుట్టూ గోధుమరంగు వలయం, వేలు పెడితే లోపలికి దిగబడ్డది, పులిసిన కల్లు వాసన. సగానికి సగం బర్లకే పోసినం. అవ్వ ఒక్కో పండు కోసి బాగున్న ముక్క వెతుకుతుంటే పానం ఉసూరుమన్నది రా.

అప్పటి నుంచి మామిడిపండ్లు కుళ్లే రోగాల మీదనే చదువుతున్న. అందుల నల్లమచ్చ ఒకటి, దాన్ని తెచ్చే కొల్లెటోట్రైకమ్ అనే బూజు మనం మాగేసినప్పుడు వచ్చేది కాదట, పూత మీద, పిందె మీద వాన పడ్డప్పుడే తొక్కలకు దూరి కూసుంటదట. మరి కాయ పచ్చిగున్నన్ని రోజులు ఎందుకు లేవది? పచ్చికాయ తొక్కల, సొనల రిసార్సినాల్స్ అని ఒక తీరు పదార్థాలు ఉంటయి, అవి బూజును అణిచిపెడ్తయి. 1980లల్లనే ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు మామిడి తొక్కల ఆల్టర్నేరియా అనే ఇంకో బూజు మీద ఇది చూసిండ్రు. కాయ పండుతున్నకొద్ది ఆ మందు తగ్గుతది, బూజు లేస్తది. ఇది చదివినంక నాకు సొన మీద గౌరవం పెరిగింది, చిన్నప్పుడు మూతి పొక్కిందని తిట్టుకున్నం గదా దాన్ని.

అందుకే కట్టెతోని కొట్టి రాల్పకు, మీ కూలోళ్లకు గూడ గట్టిగ చెప్పు. తొడిమె రెండు వేళ్ల మందం ఉంచి కోస్తే సొన లోపలనే ఉంటది, తెగిన ముచ్చికల నుంచి కుళ్లు దిగుడు తక్కువైతది, సొన కారి తొక్క మీద నల్ల మరకలు గూడ పడయి. కోసినంక 52 డిగ్రీల నీళ్లల్ల 5 నిమిషాలు ముంచి ఆరబెట్టు, థర్మామీటర్ పెట్టే చెయ్యి, వేడి ఎక్కువైతే తొక్క కాలుతది.

ఇగ ఓమ సంగతి. అవ్వ కడుపునొప్పికి పెట్టే ఓమల ఆ ఘాటు థైమాల్‌ది, లవంగంల యూజినాల్, దాల్చినచెక్కల సినమాల్డిహైడ్, ఇవన్ని బూజు కణం పైపొరను దెబ్బకొడ్తయి. మొన్న బజార్ల కొన్న పండ్లు కొన్ని అట్టడబ్బల పెట్టి, ఓమ నూనె రెండు చుక్కలు దూదికి అద్ది మూలకు పెట్టిన, పండ్లకు తాకకుండ. పక్క డబ్బల ఉత్త పండ్లు. ఉత్త డబ్బల పండ్లకు మచ్చలు ముందుగాల వచ్చినయి, నూనె డబ్బల రెండ్రోజులు ఆలస్యంగ వచ్చినయి. గని పండు తింటే ఓమ వాసన వచ్చింది, అవ్వ ముట్టలే. చుక్క ఎక్కువైతే తొక్క గూడ మాడుతదట. అందుకే రొయ్యల పొట్టు నుంచి తీసే కైటోసాన్ అనే, పండ్ల మీద పూసే పదార్థంల ఈ నూనెలు కలిపి చూస్తున్నరు, వాసన ఒక్కపారి ఎగిరిపోకుండ మెల్లమెల్లగ వస్తదని.

కార్బైడ్ జోలికి మాత్రం పోకు, అది మన దేశంల నిషేధం, దానితోని రంగు వస్తది గని బూజు ఆగది.

కోసే రోజు ముందుగాల చెప్పు, హన్మకొండ నుంచి పొద్దుగాల బస్సుకే వస్త, థర్మామీటర్ నేనే తెస్త. నువ్వు పెద్ద గంగాళం ఒకటి, ఎండుగడ్డి తయారు పెట్టు.