పిన్‌కి 152 అంటే పిన్‌కేనా? మా కస్టమర్లకు కొన్ని సంగతులు

మా బెంగళూరు షాపులో గోల్ఫ్ ఆటలో దూరం కొలిచే లేజర్ మిషన్లు (రేంజ్‌ఫైండర్లు), జీపీఎస్ వాచీలు కొన్నవాళ్లకీ, కొందామనుకుంటున్నవాళ్లకీ నమస్కారం. ఈ సీజన్‌లో మాకు ఎక్కువగా వచ్చిన ప్రశ్న ఒకటే: "నా వాచీ 148 గజాలంటోంది, మా ఫ్రెండ్ లేజర్ 161 అంటోంది. రెండూ మీ దగ్గర కొన్నవే. ఏది తప్పు?" ఇన్నాళ్లూ ఫోన్‌లో ఎవరికి వాళ్లకి చెబుతూ వచ్చాం. ఇప్పుడు అందరికీ ఒకేచోట చెబుదామనుకున్నాం. దీనివల్ల మా అమ్మకాల్లో, రిటర్నుల్లో కొన్ని పద్ధతులు కూడా మారుతున్నాయి, వాటి గురించి చివర్లో రాశాను.

ముందు ఆ 148, 161 సంగతి. చాలాసార్లు రెండూ కరెక్టే. వాచీ పెద్ద అంకెల్లో చూపించేది గ్రీన్ (హోల్ ఉండే నున్నటి గడ్డి స్థలం) మధ్యకి ఉన్న దూరం. లేజర్ చూపించేది మీరు గురిపెట్టిన వస్తువుకి ఉన్న దూరం. ముందు అంచు నుంచి వెనక అంచు దాకా 30 గజాలుండే గ్రీన్లు మామూలే. ఆ రోజు హోల్‌నీ, అందులో నిలబెట్టే జెండానీ (దీన్నే పిన్ అంటాం) వెనక వైపు పెడితే 13 గజాల తేడా రావడంలో వింత లేదు. హోల్ చోటు మారుస్తూనే ఉంటారు, వాచీలోని మ్యాపుకి ఆ సంగతి తెలియదు. పైగా చెట్లూ భవనాలూ అడ్డం లేని చోట కూడా ఫోన్ జీపీఎస్‌లో సుమారు 5 మీటర్ల తేడా ఉండొచ్చని అమెరికా ప్రభుత్వ జీపీఎస్ సైటే చెబుతోంది. వాచీ కూడా ఆ జీపీఎస్ ఉపగ్రహాల మీదే ఆధారపడుతుంది. దట్టమైన చెట్ల కింద నిలబడితే తేడా ఇంకా పెరుగుతుంది.

ఇక లేజర్. పెట్టె మీద "ఒక గజం లోపు" అని రాసి ఉంటుంది. లేజర్ కాంతి వెళ్లి, తగిలి, తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి మిషన్ దూరం చెబుతుంది. కాంతి ఒక నానోసెకనులో దాదాపు 30 సెంటీమీటర్లు పోతుంది, అంటే ఒక గజానికి రానూపోనూ 6 నానోసెకన్లు. అంత చిన్న సమయాన్ని కొలిచే చిప్పులు ఇప్పుడు చవక మిషన్లలో కూడా ఉంటున్నాయి. వ్యాపారస్తుడిగా ఇది చెప్పడం నాకు లాభం కాకపోయినా చెబుతున్నాను: ఎదురుగా పెట్టిన బోర్డును కొలవడంలో పన్నెండు వేల మిషన్‌కీ నలభై వేల మిషన్‌కీ మాకు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తేడా బయటపడేది జెండా దగ్గర.

జెండా కర్ర సన్నగా ఉంటుంది. నిబంధనల ప్రకారం ఎక్కడా రెండు అంగుళాల కంటే లావు ఉండకూడదు, మన కోర్సుల్లో చాలావరకు అంతకంటే బాగా సన్నం. లేజర్ పుంజమేమో దూరం పోయేకొద్దీ వెడల్పవుతుంది. 2 మిల్లీరేడియన్లు (ఇది కోణం కొలత) విచ్చుకునే పుంజం 200 గజాల దగ్గరికి చేరేసరికి 14 అంగుళాలు దాటుతుంది. అందులో కర్రకి తగిలేది కొంచెమే, మిగతా కాంతంతా పక్కనుంచి పోయి గ్రీన్ వెనకున్న చెట్టుకో పొదకో తగిలి తిరిగొస్తుంది. వచ్చిన వాటిలో దేన్ని చూపించాలో మిషనే తేల్చుకోవాలి. జెండా మోడ్‌లో పెడితే అన్నిటికంటే దగ్గరగా ఉన్నదాన్ని తీసుకుంటుంది. మంచి అద్దాలు, మంచి సాఫ్ట్‌వేర్ ఉన్న మిషన్లకి ఇక్కడే డబ్బు పెట్టాలి. జెండా కర్రకి ప్రిజం బిగించిన కోర్సుల్లో ఈ బాధ చాలావరకు ఉండదు, కాంతి నేరుగా వెనక్కి వస్తుంది. కానీ అన్ని కోర్సుల్లోనూ ప్రిజం ఉండదు.

చాలామంది నమ్మేది ఆ వైబ్రేషన్‌ని. చేతిలో మిషన్ ఒక్కసారి వణికితే పిన్ దొరికేసిందని కొట్టడానికి క్లబ్బు (గోల్ఫ్ కర్ర) బ్యాగులోంచి తీసేసుకుంటారు. అది చెప్పేదల్లా రెండు మూడు వస్తువుల్లో దగ్గరిదాన్ని ఎంచుకున్నానని మాత్రమే. చెయ్యి కదిలి పుంజం కర్రకి తగలకుండా పోతే, వెనకున్న రెండు చెట్లలో దగ్గరిదానికి కూడా అలాగే వణకొచ్చు. అందుకే మేం షాపులో నేర్పేది ఇది. మోచేతులు రెండూ ఒంటికి ఆనించి పట్టుకోండి. ముందు జెండాని కొలవండి. తర్వాత గురిని పక్కకి జరిపి, వెనకున్న చెట్టుని కొలవండి. ఆ తర్వాత ముందున్న బంకర్ (ఇసుక గుంట) అంచుని. జెండాకి 171, చెట్టుకి కూడా 171 వస్తే మీరు కొలిచింది చెట్టుని. జెండా అంకె బంకర్‌కీ చెట్టుకీ మధ్యలో పడితే దాన్ని నమ్మొచ్చు. పది సెకన్ల పని ఇది, పైగా బంకర్ దాటడానికి ఎంత కావాలో కూడా తెలుస్తుంది. 2021లో కియావా ఐలాండ్‌లో జరిగిన పీజీఏ ఛాంపియన్‌షిప్‌లో ప్రొఫెషనల్స్‌కి రేంజ్‌ఫైండర్లు అనుమతించినప్పుడు కూడా క్యాడీలు (ఆటగాళ్ల బ్యాగు మోసే సహాయకులు) కోర్సులో దూరాలు రాసుకునే యార్డేజ్ పుస్తకాలు పక్కన పెట్టలేదు. జెండా దాకా ఎంతో తెలిస్తే సరిపోదు మరి, మధ్యలో ఏముందో కూడా తెలియాలి.

"మిషన్ పాడైంది, ప్రతిసారీ తక్కువ చూపిస్తోంది" అని తెచ్చేవాటిలో తెర మూలనున్న చిన్న అక్షరం చూడగానే తేలిపోయేవి కొన్ని ఉంటాయి. వై ఉండాల్సిన చోట ఎం ఉంటుంది, అంటే మీటర్లు. 164 గజాలు అందులో 150 అని కనిపిస్తుంది. బ్యాటరీ మార్చాక సెట్టింగ్ ఒకసారి చూసుకోండి.

విశాఖ వెళ్లి అక్కడి ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ కోర్సులో ఆడొచ్చిన కస్టమర్ల నుంచి ఇంకో రకం ఫిర్యాదు వస్తుంది. "ఇక్కడ 150 అంటే నా 8 ఐరన్ క్లబ్బుతో కొట్టిన బంతి సరిగ్గా గ్రీన్ మీద పడుతుంది. అక్కడ అదే 150కి బంతి ముందే పడిపోతోంది. మిషన్‌లో ఏదో తేడా ఉంది." మిషన్‌లో ఏ తేడా లేదు. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి పలచన, బంతికి అడ్డు తక్కువ. ఈ ఎత్తులో బంతి సుమారు 3 శాతం ఎక్కువ దూరం పోతుందని గోల్ఫ్‌లో వాడుకలో ఉన్న లెక్క. 150 గజాల దగ్గర అది నాలుగైదు గజాలు, ఒక క్లబ్బుకీ దాని పక్క క్లబ్బుకీ ఉండే దూరం తేడాలో దాదాపు సగం. చెన్నైలో గిండీలో ఆడినా ఇదే సంగతి. సముద్రం పక్కన తేమ వల్ల గాలి బరువెక్కుతుందని చాలామంది అంటారు, నిజానికి తేమ గాలి పొడి గాలి కంటే కొంచెం తేలిక. అక్కడి ఎండ కూడా గాలిని పలచన చేస్తుంది కాబట్టి, మన జనవరి ఉదయం చలితో పోలిస్తే తేడా కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఊరు మారినప్పుడు ప్రాక్టీస్ రేంజ్‌లో ఒక బకెట్ బంతులు కొట్టి చూసుకోండి. కొన్ని కొత్త మిషన్లలో ఎత్తు, ఉష్ణోగ్రత లెక్కేసే మోడ్ ఉంటుంది, దానికి రేటు ఎక్కువ. ఏడాదికి ఒకసారి ఊరెళ్లి ఆడేవాళ్లకి అది అవసరం లేదని నా అభిప్రాయం.

స్లోప్ (ఎత్తుపల్లాలను బట్టి దూరాన్ని సవరించి చూపించే మోడ్) గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. 150 గజాల దూరంలో 5 డిగ్రీల పైకి ఉన్న గ్రీన్ మీకంటే 13 గజాల ఎత్తులో ఉంటుంది. మిషన్ ఆ కోణాన్ని కొలిచి, తన ఫార్ములా ప్రకారం కొన్ని గజాలు కలిపి చూపిస్తుంది. కోణం ఒక్క డిగ్రీ తప్పయితే ఎత్తులో రెండున్నర గజాల పైన తేడా వస్తుంది. పైగా ఫార్ములా ఒక్కో కంపెనీది ఒక్కో రకం, మీ బంతి ఎంత నిటారుగా దిగుతుందో వాటికి తెలియదు. నంది కొండల వైపు ఎత్తుపల్లాలున్న కోర్సుల్లో స్లోప్ ఉపయోగమే, కాదనను. కానీ దాన్ని టేపుతో కొలిచిన దూరంలా నమ్మకండి. పోటీల్లో అయితే ఆఫ్ చేసి తీరాలి. 2019 జనవరి నుంచి దూరం కొలిచే మిషన్లకి గోల్ఫ్ నిబంధనల్లోనే అనుమతి ఉంది, అయితే ఎత్తుపల్లాలు కొలిస్తే రూల్ 4.3 ఉల్లంఘన. స్ట్రోక్ ప్లేలో (మొత్తం ఎన్నిసార్లు కొట్టారో లెక్కించే పోటీలో) మొదటిసారి రెండు స్ట్రోకుల పెనాల్టీ, రెండోసారి డిస్‌క్వాలిఫై. అసలు మిషన్లే వద్దనే అధికారం కూడా పోటీ కమిటీకి ఉంది, కాబట్టి పోటీ రౌండ్‌కి ముందు నోటీస్ బోర్డు చూడండి.

ఇక మా పద్ధతులు. వచ్చే నెల నుంచి మా దగ్గర అమ్మే ప్రతి లేజర్‌నీ స్టీలు టేపుతో కొలిచి పెట్టుకున్న 50, 100, 150 గజాల గుర్తుల దగ్గర పరీక్షించి, వచ్చిన అంకెలు రాసిన చీటీ పెట్టెలో పెడతాం. ఏ గుర్తు దగ్గరైనా ఒక గజం కంటే ఎక్కువ తేడా వస్తే ఆ మిషన్ అమ్మం. కొన్న తర్వాత కూడా అలా తేడా వస్తే వారంటీ ఉన్నంతకాలం మార్చి ఇస్తాం, కంపెనీతో మేమే మాట్లాడుకుంటాం. వాచీకీ లేజర్‌కీ పొంతన లేదన్న కారణంతో మాత్రం ఇకపై రిటర్న్ తీసుకోలేం. స్లోప్ అంకెకి కూడా మేం గ్యారంటీ ఇవ్వం, పరీక్షించే పద్ధతి మా దగ్గర లేదు. అలాగే ఒక రకం చవక వాచీలు తెప్పించడం ఆపేశాం. మళ్లీ కట్టిన గ్రీన్లకి వాటిలో ఇంకా పాత మ్యాపులే ఉన్నాయి. కంపెనీకి రాస్తే సరైన జవాబు రాలేదు. దాని వల్ల తక్కువ ధరలో వాచీ అడిగేవాళ్లకి ప్రస్తుతానికి మా దగ్గర ఏమీ లేదు. వాళ్లకి నేను చెప్పేది, ఫోన్‌లో ఉచితంగా వచ్చే గోల్ఫ్ యాప్‌తో కొన్నాళ్లు ఆడి చూడండి.

పాత మిషన్లు ఎక్కడ కొన్నవైనా సరే, శనివారం పొద్దున షాపుకి తీసుకురండి, డబ్బు తీసుకోకుండా ఆ మూడు గుర్తుల దగ్గర పరీక్షించి చీటీ ఇస్తాం. వచ్చేముందు కొత్త బ్యాటరీ వేసుకుని, అద్దం మెత్తని గుడ్డతో తుడిచి తీసుకురండి.