పల్లె మురికికి సర్పంచ్‌నే నిలదీస్తారా? మంత్రిని అడగరా?

సంపాదకుడికి,

పది రోజుల కింద మీ జిల్లా పేజీలో పల్లెల్లో పారిశుధ్యం పడకేసిందని పెద్ద కథనం వేశారు. సర్పంచులకు పట్టింపు లేదన్నారు, కార్యదర్శులు ఊళ్లో ఉండటం లేదన్నారు. మురికి కాల్వల ఫొటోలు నిజమే, మా ఊరి కాల్వ అంతకంటే అధ్వానంగా ఉంది. కానీ అంత పొడుగు కథనంలో పంచాయతీరాజ్ మంత్రి ప్రస్తావన ఒక్కచోట కూడా లేదు. పల్లెకు రావాల్సిన నిధులు, సిబ్బంది, తాగునీరు, రోడ్లు అన్నీ ఆ శాఖ కిందివే కదా! ఐదేండ్లు వార్డు సభ్యుడిగా ఉన్నవాణ్ని, చూసి చూసి ఓపిక పోయి రాస్తున్నాను.

పంచాయతీ ట్రాక్టర్ సంగతే తీసుకోండి. 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక ఊరూరా ట్రాక్టర్, ట్రాలీ, ట్యాంకర్ కొనిపించారు. కొనమన్నది పైవాళ్లు, అప్పు మాత్రం పంచాయతీది, నెలనెలా కిస్తీ కూడా పంచాయతీదే. మా ఊళ్లో అది ఆఫీసు ముందు వేపచెట్టు కింద ఆగిపోయింది. ముందు టైరు గాలి పోయి రిమ్ము నేలకు ఆనింది. ట్రాలీలో చెత్త ఎండి అట్టకట్టింది. పాత బాకీ కట్టనిదే డీజిల్ పోసేది లేదని బంకువాళ్లు తెగేసి చెప్పారు. ఆ బాకీకి సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరూ సంతకాలు పెట్టిన చెక్కు ట్రెజరీకి పోయి అక్కడే పడి ఉంది. అడిగితే 'పైనుంచి ఫ్రీజింగ్', అంటే చెల్లింపులు ఆపేశారు అంటారు. ఆ పైన ఉండేది సర్పంచా?

అసలు ఈ నిధుల కరువు ఎక్కడ మొదలైందో మీ కథనం రాయాల్సింది. 2019లో గెలిచిన పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరి మొదటికే అయిపోయింది. గడువు తీరకముందే ఎన్నికలు పూర్తి చేయాలని రాజ్యాంగం 243-ఇ అధికరణం చెబుతోంది. మన దగ్గర జరిగింది 2025 డిసెంబర్‌లో. రిజర్వేషన్ల లెక్క తేలలేదన్నారు, కోర్టులన్నారు. అప్పటిదాకా ప్రత్యేకాధికారుల పాలన. ఆ అధికారికి తన శాఖ పనే తలకు మించినంత, ఇంక మన వీధిలైటు ఎవరికి పట్టింది? ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్రం ఇచ్చే పదిహేనో ఆర్థిక సంఘం నిధులు వచ్చేవి కావు. ఆ నిధుల్లో నూటికి అరవై రూపాయలు తాగునీటికి, పారిశుధ్యానికే ఖర్చు చేయాలని నిబంధన ఉండేది. అంటే ఎన్నికలు ఆపితే కాల్వ తీసే పైసలే ఆగుతాయని శాఖకు ముందే తెలుసు. తెలిసి ఊరుకున్న శాఖను వదిలేసి, నిన్నగాక మొన్న కుర్చీలో కూర్చున్న సర్పంచ్‌ను పట్టుకుంటారా?

పాత సర్పంచుల గోస వేరే. వైకుంఠధామం (శ్మశానవాటిక) కట్టు, డంపింగ్ యార్డు కట్టు, ప్రకృతివనం పెంచు అని గడువులు పెట్టి, చేయకపోతే సస్పెన్షనే అని బెదిరించి పనులు చేయించుకున్నారు. కొత్త చట్టంలో సర్పంచ్‌ను సస్పెండ్ చేసే అధికారం కలెక్టర్‌కు ఉంది మరి! వాళ్లు మిత్తికి తెచ్చి పెట్టారు, కొందరు ఇంటామె పుస్తెలతాడు కుదువబెట్టారు. బిల్లులు ఇవ్వమని హైదరాబాద్ బయల్దేరితే పోలీసులు ముందస్తు అరెస్టులు చేశారు. ప్రభుత్వం మారితే అప్పు మారుతుందా? మంత్రులు ఎవరైనా శాఖ ఒక్కటే, బాకీ కూడా శాఖదే.

1959లో నెహ్రూ మన పాలమూరు గడ్డ మీద, షాద్‌నగర్‌లో ఉమ్మడి రాష్ట్రానికి పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. ఈ శాఖకు మంత్రులుగా ఉమ్మడి రాష్ట్రంలో నల్లగొండ నుంచి జానారెడ్డి, తెలంగాణ వచ్చాక కొల్లాపూర్ నుంచి జూపల్లి కృష్ణారావు పనిచేశారు. ఇంత చరిత్ర ఉన్న ప్రాంతం మనది. రాజ్యాంగంలోని పదకొండో షెడ్యూలు 29 అంశాలను పంచాయతీలకు అప్పగించవచ్చని చెబుతుంది. అవి ఊరి చేతికి వచ్చేలా చూడటం, ఆర్థిక శాఖతో కొట్లాడి నిధులు తేవడం మంత్రి పని. సీసీ రోడ్డుకు కొబ్బరికాయ కొట్టడం సర్పంచ్ కూడా చేయగలడు. మంత్రి వస్తున్నారంటే మండల అధికారులంతా రెండు రోజులు ఫ్లెక్సీలు, శిలాఫలకం మీద పేర్ల వరుస చూసుకోవడంలోనే ఉంటున్నారు. మీ పత్రికలో కూడా ఆ ఫొటోలకే చోటు.

దేవరకొండ వైపు తండాలను 2018లో పంచాయతీలు చేశారు. మా తండాలో మా రాజ్యం అని సంబురపడ్డాం. అక్కడ ఇంటి పన్ను, నల్లా బిల్లు మొత్తం వసూలైనా ట్రాక్టర్ కిస్తీకి చాలదు. సొంత ఆదాయం పెంచుకోండని వాళ్లకు చెప్పడం అన్యాయం. మర్రిగూడ, మునుగోడు దిక్కు మోటరు కాలి రెండు రోజులు నల్లా బంద్ అయితే జనం మళ్లీ ఫ్లోరైడ్ బోరు నీళ్లకే పోవాలి. వంకర కాళ్లతో ఒక తరం ఎట్లా బతికిందో ఈ జిల్లాలో చూడనివాళ్లు లేరు. ఆ మోటరు బాగుచేయించే చెక్కు కూడా అదే ట్రెజరీలోనే ఆగుతుంది.

మంత్రి ఈసారి ఉమ్మడి జిల్లాకు వచ్చినప్పుడు మీ విలేకరి ఈ ప్రశ్నలు అడగాలి. ఆగిన చెక్కులు ఎన్ని, ఎప్పుడు వదులుతారు? పాత సర్పంచుల బిల్లులు ఏ నెలలో ఇస్తారు? తెల్లారకముందే చీపురు పట్టే మల్టీపర్పస్ కార్మికులకు నెలనెలా తేదీ తప్పకుండా జీతం ఎందుకు పడదు?

– మాజీ వార్డు సభ్యుడు, దేవరకొండ, నల్లగొండ జిల్లా