పర్లాకిమిడి నుంచి చిట్టిబాబుకి

ఒరేయ్ చిట్టిబాబూ,

ఎలా ఉన్నావురా? అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు తగ్గాయా? ఇక్కడ అందరం బాగున్నాం. మొన్న ఫోన్లో లఖారీ అడవి నుంచి దిగే ఏనుగుల సంగతి అడిగావు, ఇంతలో సిగ్నల్ పోయింది. ఆ మాటే తీరిగ్గా చెబుదామని కూర్చున్నాను.

కెన్యా ఏనుగుల మీద చేసిన పరిశోధన ఒకటి 2024లో వచ్చింది. అవి ఒకదాన్నొకటి పేరు పెట్టి పిలుచుకుంటాయట! సంబురు, అంబోసెలి ప్రాంతాల్లో రికార్డు చేసిన 469 పిలుపుల్ని కంప్యూటర్‌కిస్తే, ఏ పిలుపు ఎవరికోసమో నూటికి 27 దాకా సరిగ్గా చెప్పింది. ఊరికే గుడ్డిగా చెబితే అన్ని తగలవు. తర్వాత వాటినే స్పీకర్లో వినిపించారు. తనని పిలిచిన పిలుపు వినగానే ఏనుగు గబగబా స్పీకరు వైపు నడిచింది, బదులు పలికింది. అదే గొంతు వేరే ఏనుగుని పిలిచింది వినిపిస్తే అంతగా పట్టించుకోలేదు.

అది ఆఫ్రికా ఏనుగుల మాట, మనవాటిది కాదు. అయినా చదివిన దగ్గర్నుంచి మనసు ఊరుకోవడం లేదు. టపాసులు కాల్చి తరిమే రైతుని నేనేమీ అనను. కోతకొచ్చిన వరి ఒక్క రాత్రిలో నేలమట్టమైతే ఎవరికైనా కడుపు మండుతుంది. నా కోపమంతా సెల్‌ఫోన్లు పట్టుకుని కేకలేస్తూ వెంటపడే కుర్రాళ్ల మీద. మంద చెదిరి తల్లి ఒక గట్టున, పిల్ల ఒక గట్టున పడితే, అవి మళ్లీ కలిసేది ఆ పిలుపులతోనే కదరా. ఈ గోలలో ఏం వినబడుతుంది?

ఇంకోటి విను, ఇది నీకు మరీ నచ్చుతుంది. 2025లో అమెరికావాళ్లు లాగర్‌హెడ్ జాతి పిల్ల తాబేళ్లని తొట్టెల్లో పెట్టి, చుట్టూ తీగచుట్టలతో సముద్రంలో ఫలానా చోట ఉండే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించారు. ఒక చోటి క్షేత్రంలో మేత పెట్టారు, ఇంకో చోటిదానిలో పెట్టలేదు. కొన్నాళ్లకి మేత లేకుండానే చూస్తే, తిండి దొరికిన క్షేత్రం రాగానే అవి తల నీళ్లపైకెత్తి, నోరు తెరిచి, ముందు కాళ్లు టపటపా కొడుతూ గిర్రున తిరిగాయి. అచ్చం గంతులే! నాలుగు నెలలయ్యాక కూడా మరిచిపోలేదు. మన ఋషికుల్య నది మొగ దగ్గర గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లది వేరే జాతే అనుకో, కానీ ఆ ఇసుక వాటికి ఎలా గుర్తుంటుందని చిన్నప్పుడు మనం ఎన్నిసార్లు వాదించుకున్నామో!

గాలి సంగతి కూడా రెండు ముక్కలు. ఆకుల మీద బతికే సూడోమోనాస్ సిరింజే అనే బాక్టీరియా ఒంటిమీద ఉండే ప్రోటీన్ వల్ల నీళ్లు మైనస్ రెండు డిగ్రీల దగ్గరే గడ్డకట్టగలవు. మలినమే లేని చిన్న బొట్టైతే మైనస్ 38 దాకా ఆగుతుంది. ఇవి గాలికి లేచి మేఘాల్లో చేరి, అక్కడి నీటిని గడ్డకట్టించి, వాన కురవడానికి సాయపడతాయని 1980ల నుంచి కొందరు శాస్త్రవేత్తలు అంటున్నారు. మహేంద్రగిరి మీద మబ్బు పడితే చాలు, మా పొలం ఆకుల మీద ఉండేవి అక్కడెన్ని చేరాయో అని చూస్తూ నిలబడిపోతున్నాను.

సరే, ఫిబ్రవరిలో సెలవు పెట్టి రా, తాబేళ్లని చూడ్డానికి ఋషికుల్య వెళ్దాం. దూరం నుంచే చూడాలి. ఏ రాత్రి వస్తాయో ముందే చెప్పలేం, కొన్నేళ్లయితే రానే రావు, అందుకని నాలుగు రోజులు ఉండేలా చూసుకో. టార్చీ, ఫ్లాషూ వద్దు, వెలుతురు చూస్తే తల్లులు గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరుగుతాయి. బరంపురం స్టేషన్‌కి నేను వస్తాను. పిల్లల్ని కూడా తీసుకురా, వాళ్లు తప్పకుండా చూడాలి.

నీ
రాంబాబు